సీతాఫలం అత్తరు అని రాసి అమ్మొద్దు, బత్తాయి తొక్కను పారేయొద్దు



దసరా దగ్గర పడిందంటే ఫోన్లో ఒక రకం ప్రకటనలు మొదలవుతాయి. శరత్కాల పరిమళం, పండ్లు మసాలాలతో చేసిన సహజ పెర్ఫ్యూమ్, కెమికల్ లేదు అంటూ. సీసా మీద సీతాఫలం బొమ్మ, పక్కన జామకాయ, రెండు దాల్చిన చెక్కలు. అవి చూసి మన రైతులు కూడా అడుగుతున్నారు: "మన దగ్గర పండు ఉంది, మందు కొట్టని పండు. మనమే సెంటు తీసి అమ్మితే పోలా?"

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. తీయొచ్చు, అమ్మొచ్చు. కానీ సీతాఫలం, జామ గుజ్జు నుంచి కాదు. ఈ కాలంలో మనం చెత్తలో పడేసే తొక్క, కోసి గట్టున వేసే ఆకు, తిట్టుకుంటూ పీకే గడ్డ, వీటిలోనే అసలు వాసన ఉంది. ఆ తేడా తెలియకుండా ఈ పనిలోకి దిగితే రెండు నష్టాలు. ఒకటి డబ్బు. రెండోది అంతకన్నా పెద్దది, "సహజం" అనే మాట మీద మనం ఇన్నేళ్లు కష్టపడి తెచ్చుకున్న నమ్మకం.

పండు వాసన పట్టుకోవడం ఎందుకు కుదరదు?

సీతాఫలం పండగానే ఇల్లంతా వాసన వస్తుంది. నిజమే. కానీ ఆ వాసనిచ్చే పదార్థాలు కిలో గుజ్జులో మిల్లీగ్రాముల్లోనే ఉంటాయి. మిగతాదంతా నీరు, చక్కెర, పీచు. బట్టీలో వేసి ఆవిరి పట్టిస్తే నూనె తేలదు, చక్కెర మాడుతుంది. పైగా సీతాఫలం గుజ్జును వేడి చేస్తే చేదెక్కుతుంది. ఐస్‌క్రీమ్‌కు గుజ్జు తీసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు, అందుకే వాళ్లు ఉడికించరు, గడ్డకట్టించి దాచుకుంటారు. జామ, ఆపిల్, అరటి కూడా ఇంతే. పెద్ద జ్యూస్ ఫ్యాక్టరీలు రసం చిక్కబరిచేటప్పుడు ఆవిరితో పోయే వాసనను కొంత పట్టుకుంటాయి. అది రైతు పెరట్లో అయ్యే పని కాదు.

మరి ఆ సీసాలో పండు వాసన ఎలా వచ్చింది? ప్రయోగశాలలో చేసిన ఎస్టర్లు, ఇంకా అలాంటి పదార్థాలు కలిపితే వచ్చింది. పెర్ఫ్యూమ్ చేసేవాళ్లకు ఇది రహస్యమేమీ కాదు. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో "ఫ్రాగ్రెన్స్" లేదా "పెర్ఫ్యూమ్" అనే ఒక్క మాట ఉంటుంది. ఆ ఒక్క మాట కింద ముప్పై రకాలున్నా కొనేవాడికి తెలిసే దారి లేదు.

అమెరికాలో ఈ కాలంలో "పంప్‌కిన్ స్పైస్" అని ఒక వాసనకు చాలా గిరాకీ. కాఫీలో, కొవ్వొత్తిలో, సబ్బులో అంతటా అదే. పేరులో గుమ్మడికాయ ఉంది గానీ వాసన గుమ్మడిది కాదు. దాల్చిన చెక్క, జాజికాయ, అల్లం, లవంగం కలిసిన వాసన అది. అక్కడ కూడా పేరు పండుది, పని మసాలాది. దీన్ని బట్టే మనం నేర్చుకోవాల్సింది ఉంది.

ఏది పట్టుబడుతుంది?

సుగంధ తైలం అంటే ఏమిటో ఐఎస్‌ఓ 9235 అనే అంతర్జాతీయ ప్రమాణం నిర్వచించింది. ఆవిరి పట్టి తీసింది, నిమ్మజాతి తొక్కను యంత్రంతో పిండి తీసింది, నీళ్లు లేకుండా పొడిగా వేడిచేసి తీసింది. ఈ మూడే. ఈ లెక్కన మన పొలాల్లో శరత్తులో దొరికేవి చూద్దాం.

బత్తాయి, నిమ్మ తొక్క: నల్లగొండ, అనంతపురం, కడప బత్తాయి ఈ కాలంలోనే మార్కెట్‌కు వస్తుంది. తొక్కను వెలుతురుకు పట్టి వంచితే చిన్న తుంపర లేస్తుంది చూడండి, అదే నూనె. తొక్కలో ఉన్న చిన్న చిన్న సంచుల్లో ఉంటుంది. పచ్చి కాయలో కూడా ఉంటుంది. కాబట్టి తోటలో రాలిన కాయ కుళ్లకపోతే దాని తొక్క కూడా పనికొస్తుంది.

పసుపు ఆకు: నిజామాబాద్ అయినా దుగ్గిరాల అయినా, దుంప తవ్వేది జనవరి తర్వాతే. కానీ ఆకు ఇప్పుడు పచ్చగా, ఘాటుగా ఉంది. కొంకణంలో, కర్ణాటక తీరంలో ఈ ఆకులో పిండి పెట్టి ఆవిరి మీద వండుతారు, కేవలం ఆ వాసన కోసం. మన దగ్గర పంటకు ముందు ఆకు కోసి పొలంలోనే వదిలేస్తాం. అది ఆచ్ఛాదనగా పనికొస్తుంది, సంతోషం. కానీ ఆవిరి పట్టిన తర్వాత కూడా అదే ఆకు ఆచ్ఛాదనకు పనికొస్తుంది కదా! నూనె తీసినంత మాత్రాన నేలకు పోయేది పెద్దగా ఏమీ లేదు.

తుంగ గడ్డ: దీని పేరెత్తితేనే మనకు కోపం. కలుపు మందు కొట్టం కాబట్టి పీకి పీకి చేతులు నొప్పి. ఆ గడ్డలే ఎండితే తుంగముస్తలు. మూలికల అంగడిలో కొనుక్కుని సున్నిపిండిలో కలుపుకుంటాం. అత్తరు వ్యాపారంలో నాగర్‌మోతా అనే నూనెకు మంచి పేరుంది. అది దీని దగ్గరి జాతి గడ్డ నుంచే వస్తుంది. తుంగను పెంచమని నేను చెప్పడం లేదు, పొరపాటున కూడా ఆ పని చేయకండి. పీకిన గడ్డను గట్టున పారేస్తే మళ్లీ మొలుస్తుంది. కడిగి, ఎండబెట్టి, దంచితే మళ్లీ మొలవదు, వాసన ఇస్తుంది. నేను చెప్పేది అంతే.

వట్టివేరు: నాటాక ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. దీని ప్రత్యేకత నిలకడ. బత్తాయి తొక్క వాసన తేలిక, కొద్దిసేపట్లో ఎగిరిపోతుంది. వట్టివేరు బరువు, రోజంతా ఉంటుంది. పైగా పక్కనున్న తేలిక వాసనలను కూడా కాసేపు ఎక్కువ పట్టి ఉంచుతుంది. పాతకాలం వాళ్లు ఏ సుగంధం కలిపినా అడుగున ఒక వేరో చెక్కో పెట్టింది అందుకే. ఒక్క మాట: మట్టి కోతకు అడ్డంగా గట్టు మీద నాటిన వట్టివేరును తవ్వకండి. వాసన కోసం కావాలంటే వేరే మడిలో, ఇసుక మట్టి పోసిన సంచుల్లో పెంచుకోండి.

మసాలాలు: అల్లం, మిరియం పాడేరు, అరకు వైపు మనవాళ్లే పండిస్తారు. లవంగం, జాజికాయ మాత్రం మన నేలవి కావు. కన్యాకుమారి, కేరళ నుంచి రావాలి, లేదా విదేశం నుంచి. అవి కలిపితే తప్పు లేదు. "మా పొలంలో పండింది" అని మాత్రం రాయకూడదు.

మన బలం ఎక్కడుంది?

ఇది అన్నిటికన్నా ముఖ్యం, జాగ్రత్తగా చదవండి.

పండు తినేవాడు తొక్క తీసి పడేస్తాడు. కాబట్టి తొక్క మీద కొట్టిన మందు చాలావరకు తొక్కతోనే పోతుంది. పరిమళం చేసేవాడికి కావాల్సింది ఆ తొక్కే. పురుగుమందుల్లో చాలా రకాలు నూనెలో కరిగేవి. తొక్కను పిండినప్పుడు నూనెతో పాటు అవి కూడా వస్తాయి, అంతే కాదు, కాయలో ఉన్నదానికన్నా నూనెలో గాఢంగా చేరతాయి. కాయ నిలవ ఉండాలని కోత తర్వాత పూసే మైనం, బూజు మందు సరేసరి.

అంటే జ్యూస్ సెంటర్ బయట బస్తాలకొద్దీ ఉచితంగా దొరికే తొక్కతో చేసిన "నేచురల్" పరిమళం నిజానికి ఏ పాటి సహజమో మీరే ఆలోచించండి. పరిమళం సహజమా కాదా అనేది సీసా దగ్గర తేలదు, తోటలో తేలుతుంది. నీమాస్త్రం, దశపర్ణి కషాయం తప్ప వేరే మందు తగలని చెట్టు తొక్క ఎవరి దగ్గర ఉంది? మన దగ్గరే ఉంది. యంత్రం కొనుక్కోవచ్చు, సీసా కొనుక్కోవచ్చు, ఐదేళ్లు మందు కొట్టని తోటను రాత్రికి రాత్రి ఎవరూ కొనుక్కోలేరు.

ఇంత బలం చేతిలో పెట్టుకుని సీతాఫలం ఎసెన్స్ కొని, కొబ్బరి నూనెలో కలిపి, మీద మన పొలం ఫొటో వేసి అమ్మడం ఎంత తెలివితక్కువ పని! ఒక్కరు దొరికిపోయినా చాలు, మరుసటి రోజు మన బియ్యాన్ని, మన బెల్లాన్ని కూడా జనం అనుమానంగానే చూస్తారు.

అత్తరు పాత పద్ధతి

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ అత్తరుకు జీఐ గుర్తింపు ఉంది. అక్కడ రాగి డేగులో పూలు, నీళ్లు వేసి, మూత మట్టితో మూసి, కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీళ్ల తొట్టిలో ఉన్న భప్కా అనే పాత్రలోకి పోతుంది. ఆ పాత్రలో ముందే గంధం నూనె ఉంటుంది, వాసన దానిలో కలిసిపోతుంది. అత్తరు అంటే అసలు అర్థం ఇది.

గంధం ధర ఆకాశానికి వెళ్లాక ఏం జరిగింది? చాలా చోట్ల గంధం నూనె బదులు లిక్విడ్ పారఫిన్ లాంటి పెట్రోలియం నూనెలు వచ్చాయి. పువ్వు నిజమే, అడుగున ఉన్న నూనె మారిపోయింది. చార్మినార్, పత్తర్‌గట్టి దుకాణాల్లో అత్తరు కొనేటప్పుడు "ఏ పువ్వు?" అని అందరం అడుగుతాం. "అడుగున ఏ నూనె?" అని కూడా అడగాలి.

మనకు ఇంతకన్నా దగ్గరి దారి ఉంది. ఉత్తరాదిన ఫులేల్ అంటారు. పొట్టు తీసిన నువ్వులు ఒక వరుస, తాజా పూలు ఒక వరుస పరుస్తారు. పూలు వాడగానే తీసేసి కొత్తవి వేస్తారు. ఇలా చాలాసార్లు చేశాక ఆ నువ్వులనే గానుగ పడతారు. నూనె పువ్వు వాసనతోనే వస్తుంది. మంట లేదు, రసాయనం లేదు, గంధం అక్కర్లేదు. ఖరీఫ్ నువ్వులు ఇంటికొచ్చేదీ ఇప్పుడే, పారిజాతం చెట్టు కింద తెల్లవారుజామున పూలు రాలేదీ ఇప్పుడే. కట్టె గానుగ ఉన్న రైతులు మనలో ఎంతమంది లేరు! నరక చతుర్దశి తలంటుకు ఇలాంటి నువ్వుల నూనె ఇస్తే వద్దనేవాళ్లుంటారా? పూల మీద మంచు తడి ఉంటే మాత్రం నువ్వులు బూజు పడతాయి. నీడలో కాసేపు ఆరనిచ్చి వేయాలి.

పంట వేసేముందు లెక్క

ఇప్పుడు డబ్బు సంగతి. "ఎకరా నిమ్మగడ్డి వేయండి, లక్షలు" అనే వీడియోలు మీరూ చూసే ఉంటారు. నిమ్మగడ్డి మంచి పంటే. మెట్టలో బతుకుతుంది, పశువులు ముట్టవు. కానీ 100 కిలోల పచ్చిగడ్డికి నూనె అరకిలో అటూ ఇటూ. దానికి బట్టీ, కట్టెలు, చల్లబరచడానికి నీళ్లు, రోజంతా ఒక మనిషి. నూనె కొనేవాడు వాసన చూసి ధర చెప్పడు, పరీక్ష చేయించి సిట్రాల్ శాతం చూసి చెబుతాడు.

బత్తాయి నూనె లెక్క ఇంకా కఠినం. ఫ్యాక్టరీ యంత్రాలతోనే టన్ను కాయకు రెండు నుంచి నాలుగు కిలోలు. బ్రెజిల్‌లో జ్యూస్ ఫ్యాక్టరీల నుంచి ఈ నూనె పీపాలకొద్దీ వస్తుంది, వాళ్లకది ఉప ఉత్పత్తి. ఆ ధరతో మనం పోటీ పడలేం, పడకూడదు కూడా. గులాబీ అయితే మూడు నుంచి ఐదు టన్నుల రేకులకు కిలో నూనె.

అందుకే నేననేది, ఉన్న పంటను పీకి సుగంధ పంట వేయొద్దు. 365 రోజులు నేల మీద పచ్చదనం ఉండాలి, పది రకాల పంటలుండాలి అని చెప్పుకునే మనం, వాసన కోసం ఎకరాలకు ఎకరాలు ఒకే గడ్డి వేస్తే ఇక మన పద్ధతి ఏముంది? నిమ్మగడ్డి, వట్టివేరు, మరువం సరిహద్దులో, చెట్ల మధ్య, ఇంటి పెరట్లో. అసలు రాబడి కాయ, పప్పు, ధాన్యం నుంచి. పరిమళం మీద వచ్చేది పై డబ్బు. బట్టీ పెట్టాలంటే ఒక్కరు కాదు, పదిపదిహేను మంది కలిసి పెట్టుకోవాలి. మొక్కల రకాలకు, సలహాకు లక్నోలోని సీమ్యాప్ సంస్థకు హైదరాబాద్ బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉంది, ముందు అక్కడికి ఒకసారి వెళ్లి రండి.

"మరీ అంత పట్టింపు ఎందుకండీ?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. ప్రయోగశాల వాసనంతా విషం కాదు కదా, గంధం చెట్లు నరకకుండా కాపాడింది కూడా అదే కదా, కొనేవాళ్లకు సీతాఫలం వాసనే కావాలి కదా అని.

ఇందులో నిజం ఉంది. సింథటిక్ వాసన అంతా చెడ్డదని నేను అనను. సహజమైనదంతా మంచిదనీ అనను. దాల్చిన చెక్క నూనె నేరుగా ఒంటికి రాస్తే బొబ్బలెక్కుతుంది. పచ్చి నిమ్మ తొక్క నూనె రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి నల్లమచ్చలు పడతాయి. నేలలో పుట్టిందే అయినా ఒంటికి పడాలని లేదు.

నా పట్టింపు పేరు దగ్గరే. సింథటిక్ కలిపితే కలిపామని రాయాలి. చేసేవాడు చేసుకుంటాడు, కొనేవాడు కొనుక్కుంటాడు. కానీ మన దగ్గరకొచ్చేవాళ్లు రెండు రూపాయలు ఎక్కువిచ్చి కొనేది ఎందుకు? మనం చెప్పింది నిజమని నమ్మి. వాళ్లకు సీతాఫలం వాసన కావాలంటే సీతాఫలమే అమ్ముదాం. అంతకన్నా మంచి సీసా ఏముంది?

ఈ సీజన్లో ఏం చేయొచ్చు?

ఖర్చు లేకుండా మొదలుపెట్టే పని ఒకటి చెబుతా, సువాసన సంచి. బీరువాలో బట్టల మధ్య పెట్టుకునేది. ఎండిన బత్తాయి తొక్క 100 గ్రాములు, వట్టివేరు ముక్కలు 50, కడిగి ఎండబెట్టిన తుంగముస్తలు 25, లవంగాలు 10, దాల్చిన చెక్క 10. అన్నీ కచ్చాపచ్చాగా దంచి, మూత గట్టి డబ్బాలో రెండు వారాలు కలిసిపోనివ్వాలి. తర్వాత పల్చని నూలు గుడ్డ సంచుల్లో కట్టాలి.

తొక్కను ఎండలో వేయకండి, నూనె ఎగిరిపోతుంది. నీడలో, గాలి తగిలేచోట, లోపలి తెల్ల పొర గోకేసి సన్నగా చీల్చి ఆరబెట్టండి. వంచితే పుటుక్కున విరగాలి. మెత్తగా ఉంటే బూజు ఖాయం. సీతాఫలం గింజలు మాత్రం ఇలాంటి ఏ పొడిలోనూ కలవకుండా చూసుకోండి. పురుగులకు విషం కదా అని మనం వాడుకునే గింజే అది, ఆ పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది.

బట్టీ ఉన్నవాళ్లు పసుపు ఆకుతో మొదలుపెట్టండి. నూనెతో పాటు వచ్చే నీళ్లకు కూడా వాసన ఉంటుంది, పారబోయకండి. ఏ నూనె తీసినా ముదురు రంగు గాజు సీసాలో నిండుగా పోసి చల్లని చోట పెట్టండి. నిమ్మజాతి నూనెకు గాలి, వెలుతురు తగిలితే పాడైపోతుంది, పాడైన నూనె ఒంటికి దురద పెడుతుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. ఒంటికి రాసుకునే అత్తరు, సెంటు, సబ్బు అమ్మకానికి తయారు చేయాలంటే కాస్మెటిక్స్ రూల్స్ 2020 కింద లైసెన్సు కావాలి. ఇంట్లో వాడుకోవడానికి, చుట్టాలకు పంచుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. అమ్మకం అనుకుంటే సంఘంగా ఏర్పడి లైసెన్సు తీసుకోండి, లేదా లైసెన్సు ఉన్నవాళ్లకు ఎండు తొక్క, ఆకు, వేరు ముడిసరుకుగా ఇవ్వండి. ముడిసరుకుతో పాటు ఏ తోటది, ఎప్పుడు కోసింది, ఏ కషాయం కొట్టింది అని ఒక కాగితం కూడా ఇవ్వండి. మన సరుకుకు ధర తెచ్చేది ఆ కాగితమే.

సంచి మీద లేబుల్ కూడా అంత సూటిగానే ఉండాలి. "బత్తాయి తొక్క, వట్టివేరు, తుంగముస్తలు: మా పొలంలోవి. లవంగం, దాల్చిన చెక్క: కొన్నవి." రెండే వరుసలు. ఇంత నిజం రాసిన లేబుల్ బజారులో ఇంకోటి దొరకదు.

మీ దగ్గర ఈ కాలంలో వృథాగా పోయే వాసన ఏముందో ఒకసారి పొలం తిరిగి చూడండి. మరువం కావచ్చు, నారింజ ఆకు కావచ్చు, అల్లం కాడ కావచ్చు. మీ ప్రాంతంలో దాన్ని ఏమంటారో, పెద్దవాళ్లు దేనికి వాడేవాళ్లో రాయండి, నలుగురికీ పనికొస్తుంది.